వైనూ బప్పు విద్యాజీవితం: ఆయన పరిశోధన 1957తోనే ఆగిపోయిందా?

ప్రశ్న: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

అందరికీ నమస్కారం. మా డిగ్రీ విద్యార్థులకు ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మనాలి కల్లాట్ వైనూ బప్పు గురించి ఒక గంటసేపు ప్రసంగించవలసి ఉంది. ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారనీ, హైదరాబాదులో పెరిగారనీ, హార్వర్డులో పిహెచ్.డి. చేశారనీ, కావలూరు వేధశాల ఆయన పేరుతోనే ఉందనీ తెలుసు. అయితే చదువుతూ పోయినకొద్దీ రెండు రకాల వాదనలు ఎదురవుతున్నాయి. అమెరికాలో ముప్పై ఏళ్ల లోపే ప్రపంచస్థాయి పని చేసిన మనిషి భారతదేశానికి తిరిగివచ్చి కార్యాలయ దస్త్రాలలో చిక్కుకుపోయారని, 1957 నాటి విల్సన్-బప్పు పత్రం తరువాత ఆయన పరిశోధకుడిగా పెద్దగా చేసిందేమీ లేదని కొందరు అంటారు. ఆయన అసలు గొప్పతనమంతా తిరిగివచ్చిన తరువాతి పనిలోనే ఉందని మరికొందరు అంటారు. వీటిలో ఏది వాస్తవానికి దగ్గరగా ఉంది?

మరొక విషయం కూడా. విల్సన్-బప్పు ప్రభావం అంటే ఏమిటో ద్వితీయ సంవత్సరం విద్యార్థికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. తెలిసినవారు కొంచెం వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. ఆయన తెలుగువారేనా అన్న ప్రశ్న పిల్లలు తప్పకుండా అడుగుతారు కనుక దానికీ జవాబు చెప్పండి.

జవాబు 1: వర్ణపటాల మీద పనిచేసే పరిశోధకుడు, బెంగళూరు

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. బప్పు కుటుంబం కేరళలోని తలశ్శేరి ప్రాంతానికి చెందినది కనుక ఆయన పుట్టుకతో తెలుగువారు కారు. కానీ తండ్రి మనాలి కుకుళి బప్పు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఖగోళ పరిశీలకుడిగా పనిచేసేవారు కనుక, ఆ పిల్లవాడికి ఆకాశం పరిచయమైనది బేగంపేట వేధశాలలోనే. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి తెప్పించిన పరికరాలతో ఆరంభమై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన ఆ వేధశాలలో అప్పటికే 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు ఉండేది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో నగరంలో ఇన్ని విద్యుద్దీపాలు లేవు. కాబట్టి అక్కడి నుంచి చరనక్షత్రాలను, అంటే ప్రకాశం మారుతూ ఉండే నక్షత్రాలను, వరుసగా చూడడం సాధ్యమయ్యేది, బప్పు విద్యార్థి దశలోనే ఆ పని చేశారు. చదువు నిజాం కళాశాలలో సాగింది, ఆ కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది.

హార్వర్డుకు దారి ఎలా పడిందంటే, హార్వర్డు వేధశాల సంచాలకుడు హార్లో షాప్లే భారతదేశానికి వచ్చినప్పుడు బప్పు ఆయనను కలిశారు. తరువాత హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో 1949 ఆరంభంలో అక్కడికి చేరుకున్నారు. పోలీసు చర్య ముగిసి కొన్ని నెలలే అయిన రోజుల్లో, అంతటి గందరగోళం మధ్య, ఒక కుర్రవాడిని నక్షత్రాల చదువుకు విదేశానికి పంపడానికి ఆ ప్రభుత్వంలో ఎవరో ఒకరు సంతకం పెట్టారన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. అదే సంవత్సరం జులైలో, ఆకాశం ఫోటో పలకలను పరిశీలిస్తుండగా ఒక కొత్త తోకచుక్క ఆయన కంట పడింది. ఆచార్యుడు బార్ట్ బోక్, సహవిద్యార్థి గోర్డన్ న్యూకర్క్ ఆయనకు తోడుగా నిలిచి దానిని నిర్ధారించడంతో అది బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్కగా పేరు పొందింది. దానికి పసిఫిక్ ఖగోళ సంఘం డోనో తోకచుక్క పతకాన్ని ఇచ్చింది. పత్రికలవారికి ఇష్టమైన ఘట్టం ఇదే. శాస్త్రపరంగా చూస్తే దాని విలువ కొంచెమేనని నా అభిప్రాయం.

1952లో పిహెచ్.డి. పట్టా చేతికి వచ్చిన తరువాత కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు వెళ్లారు. అసలు పని అక్కడ, ఓలిన్ విల్సన్‌తో కలిసి జరిగింది.

విద్యార్థులకు ఇలా చెప్పి చూడండి. సూర్యకాంతిని గానీ నక్షత్రకాంతిని గానీ వర్ణపటంగా విడదీస్తే, కంటికి కనిపించే ఊదారంగు చివర, 3933 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, అయనీకృత కాల్షియం వల్ల ఏర్పడే విశాలమైన నల్లని పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాన్నే కె రేఖ అంటారు. సూర్యుడిలాంటి, అంతకన్నా చల్లని నక్షత్రాలలో ఈ నల్లని పట్టీకి నట్టనడుమ, నల్లచీర అంచులో జరీ పోగులా, సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. నక్షత్రపు కనిపించే ఉపరితలానికి పైన ఉండే వర్ణావరణంలో పుట్టే ఉద్గారం అది. విల్సన్, బప్పు చేసిందల్లా 185 నక్షత్రాల వర్ణపట ఫోటో పలకలను సూక్ష్మదర్శినితో చూస్తూ ఆ వెలుగు గీత వెడల్పును కొలవడం. గీత ఎంత ప్రకాశంగా ఉన్నదో వారు పట్టించుకోలేదు, ఎంత వెడల్పు ఉన్నదో మాత్రమే చూశారు. ఆ వెడల్పుకు నక్షత్రపు ఉష్ణోగ్రతతో గానీ, గీత తీవ్రతతో గానీ దాదాపు సంబంధమే లేదని, నక్షత్రపు నిజ ప్రకాశంతో మాత్రం విడదీయరాని సంబంధం ఉందని తేలింది. చిన్న నక్షత్రాలలో గీత సన్నగా, మహానక్షత్రాలలో వెడల్పుగా ఉంటుంది. నిజ ప్రకాశం సుమారు నూరు రెట్లు పెరిగితే వెడల్పు రమారమి రెట్టింపవుతుంది. మన సూర్యుడినీ, స్వాతి నక్షత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఈ లెక్క చక్కగా కుదురుతుంది, ఎందుకంటే స్వాతి కనిపించే కాంతిలో సూర్యుడికన్నా దాదాపు నూరు రెట్లు ప్రకాశవంతమైనది.

ఇందులో విశేషం ఎక్కడుందంటే, ఈ సంబంధం ఒక చిన్న పరిధిలో కాక దాదాపు పదిహేను తరగతుల ప్రకాశ పరిమాణం మేర, అంటే పది లక్షల రెట్ల తేడా మేర, ఒకే సరళరేఖ మీద నడుస్తుంది. నిజ ప్రకాశం తెలిసిన తరువాత, మనకు కనిపించే ప్రకాశంతో పోల్చి దూరం రాబట్టుకోవచ్చు. అంటే దూరాన్ని నేరుగా కొలవడానికి వీలులేని ఒంటరి నక్షత్రానికి కూడా ఒక్క వర్ణపటం నుంచే దూరం తెలుస్తుంది. ఇదంతా 1957లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో అచ్చయింది. హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల దూరాలను కచ్చితంగా కొలిచిన తరువాత సూత్రంలోని అంకెలను సరిచేశారు కానీ, సంబంధం మాత్రం అలాగే నిలిచింది. ఇంతటి చక్కని సంబంధం ఎందుకు ఏర్పడుతుందన్నదాని మీద తరువాత దశాబ్దాలపాటు వాదోపవాదాలు నడిచాయి. వర్ణావరణంలోని వాయువుల అల్లకల్లోలపు వేగమే కారణమని కొందరు, గురుత్వం తగ్గేకొద్దీ వర్ణావరణంలోని పదార్థపు మందం పెరగడమే కారణమని మరికొందరు వాదించారు.

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెప్పాలంటే, శాస్త్రవేత్తగా బప్పు పేరు నిలిచేది ఈ పత్రం మీదనే. మిగిలినదంతా గౌరవించదగినదే, కానీ దీని సరసన నిలిచేది మాత్రం కాదు.

జవాబు 2: విశ్రాంత ఆచార్యుడు, హైదరాబాదు

పై మిత్రుడు విల్సన్-బప్పు ప్రభావాన్ని చక్కగా వివరించారు, అయితే ఆయన తీర్పుతో నేను ఏకీభవించలేను. ఆ పత్రానికి ఆధారమైన వర్ణపటాలు మౌంట్ విల్సన్, పాలోమార్‌లలో ఉన్న టెలిస్కోపుల వల్ల లభించాయి. 1953లో బప్పు భారతదేశానికి తిరిగివచ్చేనాటికి ఇక్కడ అటువంటి కొలత తీయగల పరికరం ఒక్కటీ లేదు. అటువంటి పరిస్థితిలో పత్రాలు రాయలేదని లెక్క తీసేముందు, రాయడానికి కావలసిన సామగ్రిని ఆయన ఎలా సమకూర్చుకున్నారో చూడవలసి ఉంటుంది.

వరస ఇలా సాగింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాల 1954లో వారణాసిలో ప్రారంభమైంది. దాని తొలి సంచాలకులు ఎ.ఎన్. సింగ్ కొద్ది నెలలకే మరణించగా, ఆ ఏడాది చివరలో బప్పు ఆ బాధ్యత తీసుకున్నారు. గంగ ఒడ్డున దుమ్ము, తేమ నిండిన ఆకాశం కింద ఖగోళ పరిశీలన సాగదని గ్రహించి వేధశాలను నైనిటాల్‌కు తరలించారు. మనోరా శిఖరం మీద ఇప్పుడున్న స్థలం ఆయన ఎంపిక చేసినదే. 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై రెండు, మూడు సంవత్సరాలు. 1899లో ఏర్పడి, సూర్యుడి మచ్చలలో వాయుప్రవాహాన్ని ఎవర్షెడ్ 1909లో కనుగొన్న చోటుగా ప్రసిద్ధికెక్కిన ఆ వేధశాల, వాతావరణ శాఖ కింద ఒక విభాగంగా నడుస్తూ ఉండేది. సూర్యుడి గురించి తప్ప నక్షత్రాల గురించి పని చేసే వీలు అక్కడ చాలా తక్కువ. కొండ మీద మబ్బులు కూడా ఎక్కువ.

అక్కడి నుంచే కావలూరు కథ మొదలవుతుంది. తమిళనాడులోని జవ్వాది కొండలలో, మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఎంతో దూరం లేని చోట, సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తున ఆ స్థలం ఉంది. అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు. దక్షిణాదిలో ఎంచుకోవడం వెనుక లెక్కను విద్యార్థులు తామే కాగితం మీద వేసుకోగలరు. బప్పు జీవితమంతా మక్కువ చూపిన వుల్ఫ్-రాయే నక్షత్రాలలో (చాలా వేడిగా ఉండి తమ పదార్థాన్ని వేగంగా వెదజల్లే నక్షత్రాలు ఇవి) అన్నింటికన్నా ప్రకాశవంతమైన గామా వెలోరం ఖగోళ మధ్యరేఖకు 47 డిగ్రీల దక్షిణాన ఉంటుంది. నైనిటాల్ నుంచి చూస్తే అది ఎంత పైకి వచ్చినా క్షితిజం నుంచి 13 డిగ్రీలకు మించి లేవదు, కాబట్టి మందమైన వాతావరణపు పొర గుండా చూడవలసి వస్తుంది. కావలూరు నుంచి అదే నక్షత్రం 30 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. వుల్ఫ్-రాయే నక్షత్రాల వర్ణపటాలు తీయదలచినవాడు దక్షిణాన కొండలు వెతకడంలో ఆశ్చర్యం ఏముంది? పరిశోధనే పాలకుడి చేత స్థలం ఎంపిక చేయించిందని నేను అనేది ఇందుకే.

కావలూరులో మొదట పనిచేసినది 38 సెం.మీ. టెలిస్కోపు, అది కొడైకెనాల్ వర్క్‌షాపులో తయారైనది. జర్మనీలోని కార్ల్ జైస్ సంస్థ చేసిన ఒక మీటరు టెలిస్కోపు 1972లో వచ్చింది. మధ్యలో, 1971లో, కొడైకెనాల్ వేధశాల వాతావరణ శాఖ నుంచి విడివడి భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా స్వయంప్రతిపత్తి పొందింది. దాని ప్రధాన కార్యాలయం తరువాత బెంగళూరుకు చేరింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు అర నిమిషం పట్టింది. ఒక ప్రభుత్వ శాఖ తన చేతిలో ఉన్న సంస్థను వదులుకునేలా చేయడానికి ఎన్ని సంవత్సరాల ఉత్తర ప్రత్యుత్తరాలు అవసరమవుతాయో ప్రభుత్వ ఉద్యోగం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అధ్యాపకులవారికి ఒక సూచన. మన పిల్లలకు హైదరాబాదు దగ్గరి రంగాపూర్ వేధశాలను కూడా పరిచయం చేయండి. ఉస్మానియావారు 48 అంగుళాల టెలిస్కోపును అక్కడ నెలకొల్పినది కూడా కావలూరులో పని మొదలైన ఆ 1968 ప్రాంతంలోనే. ఒకే కాలంలో మొదలైన రెండు వేధశాలలలో ఒకటి పెరిగి, మరొకటి కుంచించుకుపోవడానికి కారణాలు పరికరం పరిమాణంలో లేవు. వెనుక నిలబడిన సంస్థ ఎటువంటిదన్న దానిలోనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: వరంగల్

ఇద్దరికీ ధన్యవాదాలు. గామా వెలోరం లెక్క తప్పకుండా తరగతిలో వేయిస్తాను. అయితే నా సందేహం ఒకటి ఇంకా మిగిలే ఉంది. సంచాలకుడిగా ఉన్న ఆ ఇరవై రెండేళ్లలో ఆయన స్వయంగా పరిశోధన చేశారా, లేక పరిశోధనకు దారి మాత్రమే వేశారా? అంతర్జాలంలో 'గురుగ్రహపు ఉపగ్రహం గనిమీడ్‌కు వాతావరణం ఉందని కనుగొన్నారు', 'యురేనస్ వలయాలను కనుగొన్నారు' వంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్లు చెప్పవచ్చునా?

జవాబు 3: సౌర భౌతిక విద్యార్థిని, పుణె

ఆయన స్వయంగా పరిశోధన చేశారు. పైగా అది 1957 పత్రానికి కొనసాగింపే కావడం వల్ల, ఆ పత్రాన్నీ తరువాతి జీవితాన్నీ వేరు చేసి చూడడం సరికాదని నేను అనుకుంటున్నాను. విల్సన్-బప్పు సంబంధంలో ఒక లోటు ఉంది. నక్షత్రాలన్నీ మనకు చుక్కలుగానే కనిపిస్తాయి కనుక, ఆ వెలుగు గీత నక్షత్ర ఉపరితలం మీద ఏ భాగం నుంచి వస్తున్నదో చెప్పడానికి వీలులేదు. ఆ వీలు ఉన్న నక్షత్రం ఒక్కటే, సూర్యుడు. కొడైకెనాల్‌లో ఉన్న సౌర టెలిస్కోపుతో బప్పు, ఆయన సహచరుడు కె.ఆర్. శివరామన్ సూర్యబింబం మీద చిన్న చిన్న భాగాల కె రేఖను విడివిడిగా పరిశీలించి, మొత్తం సూర్యుడి గీత వెడల్పును నిర్ణయించేవి వర్ణావరణంలోని సన్నని ప్రకాశవంతమైన మచ్చలేనని 1971లో ప్రచురించిన పత్రంలో వాదించారు. కాలిఫోర్నియాలో మొదలైన ప్రశ్నకు జవాబును కొడైకెనాల్‌లో వెతికారన్న మాట. పాత వేధశాలలో నక్షత్రాల పని సాగదని పై ఆచార్యులవారు రాసినది నిజమే కానీ, ఆ వేధశాలలో ఉన్న సౌర పరికరాన్నే నక్షత్రాల ప్రశ్నకు వాడుకున్న సంగతిని కూడా చేర్చితే చిత్రం పూర్తవుతుంది.

ఇక మీరు ఎత్తి చూపిన రెండు వాక్యాలనూ అలాగే చెప్పవద్దు. గనిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చిన సంఘటనను 1972 జూన్ 7న కావలూరు ఒక మీటరు టెలిస్కోపుతో, ఇండోనేషియాలోని లెంబాంగ్ వేధశాల నుంచి కూడా, పరిశీలించారు. నక్షత్రకాంతి ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గడాన్ని బట్టి పలుచని వాతావరణం ఉందని ప్రకటించారు. అయితే 1979లో వాయేజర్ నౌక తీసిన అతినీలలోహిత కొలతలు అంత వాతావరణం లేదని చూపాయి. ఆ తరువాత హబుల్ టెలిస్కోపు అంతకన్నా ఎన్నో రెట్లు పలుచనైన ఆక్సిజన్ పొరను కనుగొంది. కాబట్టి 'తొలిసారి సూచించారు, కానీ ఆ అంచనా నిలవలేదు' అని చెప్పడం న్యాయం.

యురేనస్ విషయంలోనూ అంతే. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు కావలూరులో జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి ఆ నక్షత్రకాంతిలో పడిన తగ్గుదలను నమోదు చేశారు. వారు దానిని మొదట ఒక కొత్త ఉపగ్రహంగా భావించి ప్రకటించారు. విమానంలో అమర్చిన టెలిస్కోపు నుంచి చూసిన అమెరికా బృందం, గ్రహానికి ఇరువైపులా వరుసగా పడిన తగ్గుదలలను బట్టి అవి వలయాలని తేల్చింది. కావలూరు కొలత ఆ నిర్ధారణకు ఆధారాలలో ఒకటి మాత్రమే. ఈ పరిశీలనలు కావలూరు సిబ్బందివి కనుక బప్పు పేరున రాయడం కూడా సరికాదు. తొమ్మిదేళ్ల వయసున్న వేధశాల నుంచి అటువంటి కొలత వచ్చిందంటే, దానిని నిర్మించినవారికి దక్కవలసిన వాటా వారికి దక్కుతుంది.

ఒక నక్షత్రాన్ని అడ్డుకున్న క్షణాలను పట్టుకోవడం ఎందుకు కష్టమో కూడా పిల్లలకు చెప్పండి. నీడ భూమి మీద ఎక్కడ పడుతుందో అక్కడే, సరిగ్గా ఆ నిమిషాలలోనే, ఆకాశం నిర్మలంగా ఉన్న చోట టెలిస్కోపు ఉండాలి. 1972లో, 1977లో భూగోళంలోని ఈ వైపున అందుకు తగిన టెలిస్కోపులు వేళ్లమీద లెక్కపెట్టదగినవే.

జవాబు 1 రాసినవారు: బెంగళూరు

1971 పత్రాన్ని గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు. అది నా వాదాన్ని కొంత బలహీనపరచినా, 1957 పత్రమే మూలమన్న మాటను మార్చుకోవలసిన అవసరం కనిపించలేదు. ఆచార్యులవారి స్థలం ఎంపిక వాదనకు మాత్రం తలవంచుతున్నాను.

జవాబు 2 రాసినవారు: హైదరాబాదు

మన మధ్య తేడా అంత పెద్దది కాదు. ఒక విషయం మాత్రం చేరుస్తాను, ఎందుకంటే చాలా ఉపన్యాసాలు ఇక్కడే తడబడతాయి. బప్పు చివరి సంవత్సరాల పని అంతా 2.34 మీటర్ల టెలిస్కోపు చుట్టూ నడిచింది. దానిని విదేశాల నుంచి పూర్తిగా కొనుగోలు చేయకుండా ఇక్కడే తయారుచేయాలని ఆయన పట్టుబట్టారు. అద్దానికి కావలసిన గాజు దిమ్మె మాత్రం జర్మనీ నుంచి వచ్చింది. దానిని అరగదీసి, మెరుగుపెట్టి అద్దంగా తీర్చినది బెంగళూరులోని సంస్థవారి ప్రయోగశాలలోనే. ఆ పని జరుగుతుండగానే, 1979 నుంచి అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షుడిగా ఉన్న బప్పు, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో హృదయ శస్త్రచికిత్స తరువాత మరణించారు. గ్రీసులోని పాత్రాస్‌లో ఆ సంఘం సర్వసభ్య సమావేశం జరుగుతున్న రోజులవి. ఆయనకు యాభై అయిదేళ్లు. సంచాలక పదవిలో ఆయన తరువాత వచ్చిన భట్టాచార్య హయాంలో టెలిస్కోపు పూర్తయి, 1986 జనవరి 6న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దానిని అంకితం చేస్తూ టెలిస్కోపుకూ వేధశాలకూ బప్పు పేరు పెట్టారు.

దానిని 'ఆసియాలోనే అతిపెద్ద టెలిస్కోపు' అని రాయడం పరిపాటి అయిపోయింది. ఆర్మీనియాలోని బ్యురకాన్‌లో 2.6 మీటర్ల టెలిస్కోపు 1970లలోనే పనిచేస్తున్నది కనుక, పటంలో ఆర్మీనియాను ఎక్కడ ఉంచుతారన్న దాని మీద ఆ వాక్యం నిజమో కాదో ఆధారపడుతుంది. ప్రసంగంలో 'అప్పటికి భారతదేశంలో అతిపెద్దది' అని రాసుకోండి. దానికి ఏ విద్యార్థీ ఎదురు ప్రశ్న వేయలేడు.